రెండున్నరేళ్ళ పాప, అయిదేళ్ళ బాబుతో కుటుంబ ప్రార్థన ఎలా చేయాలి?

తొలకరి:
అన్నలకు, అక్కలకు వందనాలు. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, మా ఆయన ప్రార్థన, నా ప్రార్థన, చివర్లో పరలోక ప్రార్థన (యేసు శిష్యులకు నేర్పినది). మొత్తం 25 నిమిషాలు పడుతుంది. పాట అయ్యేసరికి పాప లేచి తిరుగుతుంది. అధ్యాయం సగంలో బాబు చాప పీకడం మొదలుపెడతాడు. కళ్ళు మూసుకోమంటే ఏడుపు. రోజూ గద్దింపులతోనే ఆమేన్ దాకా వస్తున్నాం.

అడగాలనుకున్నవి: ఈ వయసుకి ఎంతసేపు చాలు? బైబిల్లో ఎక్కడి నుంచి చదవాలి? కంఠత వాక్యాలు ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? ఆదివారం ఆరాధనలో రెండు గంటలు ఎలా కూర్చోబెట్టాలి? ఇంకోటి. మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడ చనిపోతే అందరూ "ప్రభువునందు నిద్రించారు" అన్నారు. అది విన్నప్పటి నుంచి బాబు రాత్రి పడుకోనంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి?

ఆవగింజ:
వందనాలమ్మా. మీ పిల్లల్లో తేడా ఏమీ లేదు. మీరు చేస్తున్నది పెద్దల ప్రార్థన, దానికి పిల్లల్ని కూర్చోబెడుతున్నారు. ముందు సమయం మార్చండి. భోజనమయ్యాక ఆ వయసు పిల్లలకి నిద్ర ముంచుకొస్తుంది, లేదా నిద్ర ఆపుకోవడానికి అల్లరి ముదురుతుంది. రెంటిలో ఏది వచ్చినా మీకు గద్దింపే మిగులుతుంది. భోజనానికి ముందో, స్నానం అయిన వెంటనేనో పెట్టుకోండి. గడియారం చూసి 7 గంటలకి అని పెట్టుకుంటే ఏదో ఒక రోజు తప్పుతుంది. "స్నానం, ఆ తర్వాత ప్రార్థన" అని ఒక పనికి ముడివేస్తే, పది రోజులకి పిల్లలే చాప తెచ్చి పరుస్తారు.

ఎంతసేపంటే, పాపని లెక్కలో పెట్టుకుని 7 నిమిషాలు. బాబుకి ఇంకా ఓపిక ఉన్న రోజున పాపని పక్కన ఆడుకోనిచ్చి వాడితో మరో అయిదు నిమిషాలు. అంతకు మించి ఇప్పుడు వద్దు.

ఆ 7 నిమిషాలు ఇలా. పాట 2 నిమిషాలు, చేతులు కదిలించే యాక్షన్ సాంగ్ అయితే మేలు. నెలకి ఒకటే పాట. రోజుకో కొత్త పాట పెడితే పాపకి ఒక్కటీ రాదు. అదే పాట 30 రోజులు వింటే రెండున్నరేళ్ళ పిల్ల చరణాల చివరి మాటలైనా అందుకుంటుంది. కథ 3 నిమిషాలు. 4 నుంచి 8 వచనాలు, బైబిలు ఒళ్ళో తెరిచే ఉంచి, చెప్పేది మాత్రం వాళ్ళ ముఖాలు చూస్తూ చెప్పాలి. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న. "దీని నుంచి మనం ఏం నేర్చుకున్నాం?" లాంటిది కాదు, దానికి అయిదేళ్ళవాడు "మంచిగా ఉండాలి" అని ఒకటే జవాబు నేర్చుకుని ఏడాదంతా అదే అప్పజెప్తాడు. "పడవలో యేసు ఏం చేస్తున్నాడు?", "ఎవరు భయపడ్డారు?" లాంటివి అడగండి. మిగిలిన 2 నిమిషాలు ప్రార్థన. ఒక్కొక్కరు ఒక్క వాక్యం. పాప "థ్యాంక్యూ యేసయ్యా, బంతి" అంటే చాలు, అది పూర్తి ప్రార్థనే.

ఇక్కడ చాలా ఇళ్ళల్లో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పిల్లలు వింటుండగా "ప్రభువా, వీడు అబద్ధాలాడకుండా, చెల్లిని కొట్టకుండా మార్చు తండ్రీ" అని ప్రార్థించడం. మీరు దేవునితో మాట్లాడుతున్నాననుకుంటారు. వాడికి మాత్రం పంచాయితీ పెట్టినట్టే వినబడుతుంది. అది కళ్ళు మూసుకుని తిట్టడం. ఆ విన్నపాలు వాళ్ళు పడుకున్నాక మీ సొంత ప్రార్థనలో పెట్టుకోండి. వ్యాధిగ్రస్తుల చిట్టా, అప్పుల బాధ, సంఘం గొడవలు కూడా అప్పుడే. పిల్లలున్నప్పుడు రోజుకి ఒక్క పేరు తీసుకోండి. ఏడు చీటీలు రాసి (లేదా ఏడు ఫోటోలు అతికించి) ఒక డబ్బాలో వేస్తే, ఆ రోజు చీటీ తీసే పని బాబుది. తాతయ్యా నాయనమ్మ ఒక చీటీ, అమ్మమ్మ ఇంకోటి, సండే స్కూల్ టీచర్, పక్కింటివాళ్ళు, ఒంట్లో బాగోలేనివాళ్ళు, ఇలా. బాబుకి అక్షరాలు రాకపోతే ఫోటోలే మేలు.

కళ్ళు మూసుకోమని బలవంతం వద్దు. చీకటంటే ఆ వయసులో భయం, పైగా పక్కవాడు తెరిచాడా లేదా అని చూడ్డానికే ప్రార్థన అంతా సరిపోతుంది. చేతులు కలిపి పట్టుకోమనండి, చేతికి పని దొరికితే కాళ్ళు నిలబడతాయి. పాప మీ ఒళ్ళో, బాబు నాన్న పక్కన. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే గిల్లుకోవడం ఖాయం.

ఫోన్‌లో బైబిలు చదవకండి. అది వెలిగిన క్షణం నుంచి పిల్లల కళ్ళు మీ మీద ఉండవు, మధ్యలో మెసేజ్ వస్తే మీ కళ్ళు కూడా ఉండవు.

చదవడానికి మార్కు సువార్త. మొత్తం 16 అధ్యాయాలు, కథలు చిన్నవి, ప్రతిదాంట్లో ఎవరో ఒకరు కదులుతుంటారు. కానీ వరసగా కాదు, ఏరుకోండి: 1:40-45 కుష్ఠరోగి, 2:1-12 ఇంటికప్పు విప్పి దించిన పక్షవాయువు గలవాడు, 4:35-41 తుపాను, 6:30-44 అయిదు రొట్టెలు రెండు చేపలు, 10:13-16 చిన్నబిడ్డలు, 10:46-52 గుడ్డివాడైన బర్తిమయి. ఒక్కో కథ మూడు రోజులు. మొదటి రోజు మీరు చెప్తారు. రెండో రోజు ఆడిస్తారు, అంటే తువాలు మీద బొమ్మని పడుకోబెట్టి నాలుగు మూలలూ పట్టుకుని మంచం మీద నుంచి దించడం, దుప్పటి ఊపి సముద్రం చేసి "నిశ్శబ్దమై ఊరకుండుము" అనగానే ఆపడం. మూడో రోజు బాబు చెప్తాడు, మీరు వింటారు. తప్పు చెప్తే మధ్యలో ఆపొద్దు. చేపలు రెండు కాదు పది అన్నాడంటే, ఆ కథ మీరు ఇంకోసారి చెప్పేటప్పుడు సరిచేయవచ్చు.

ఒలీవకొమ్మ:
పైన ఆవగింజగారు చెప్పినవాటిలో చాలావరకు సరే. కంఠత వాక్యాల సంగతి నేను చెప్తాను. ఇప్పుడే మొదలుపెట్టండి, రెండు వారాలకి ఒకటి చొప్పున. వారానికొకటి అని పోటీ పెట్టుకుంటే ఆరో వారానికి మొదటిది పోతుంది.

మనకున్న చిక్కు భాష. ఇళ్ళలో ఎక్కువగా ఉండే బైబిలు గ్రాంథికం. పిల్లలు వినని మాటని విన్న మాటగా మార్చేసుకుంటారు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" లో "లేమి" అనే మాట ఇంట్లో ఎవరూ అనరు, కాబట్టి అది "నాకు ఏమీ కలగదు" అయిపోతుంది. అర్థం పూర్తిగా తిరగబడింది, అయినా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్తున్నాడని మనం చప్పట్లు కొడతాం. అందుకని వాక్యం నేర్పే ముందురోజు ఒక్క మాట విప్పండి. "లేమి అంటే లేకపోవడం. కాపరి ఉంటే గొర్రెకి గడ్డి లేదు, నీళ్ళు లేవు అనే మాట ఉండదు." అంతే. "సృజించెను" అంటే చేశాడు. "సంభవించు" అంటే రావడం. మాట విప్పాక వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే నేర్పండి. దాని నడకే దాన్ని గుర్తుంచుతుంది, సంఘంలో వినబడేదీ అదే. వాడుక భాష అనువాదం కావాలంటే కథ చదవడానికి వాడండి, కంఠతకి మాత్రం ఒకే అనువాదం. రెండు కలిస్తే పిల్లాడి నోట్లో మూడోది తయారవుతుంది.

నేర్పే పద్ధతి: వాక్యాన్ని ముక్కలు చేసి చివరి నుంచి మొదలుపెట్టండి. ముందు "కలుగదు". తర్వాత "లేమి కలుగదు". తర్వాత "నాకు లేమి కలుగదు". చివర్లో మొత్తం. మొదటి నుంచి నేర్పితే మొదటి రెండు మాటలు గట్టిగా, తర్వాతవి గొణుగుడుగా వస్తాయి. చివరి నుంచి వస్తే ప్రతిసారీ తెలిసిన చోటికే చేరతాడు కాబట్టి తడబడడు. నేర్చుకున్నాక మర్నాడు, నాలుగో రోజు, వారానికి, రెండు వారాలకి ఒకసారి అడగండి. తర్వాత నెలకోసారి చాలు.

ఈ ఏడాదికి కొన్ని: "యేసు కన్నీళ్లు విడిచెను" (యోహాను 11:35), "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" (ఆది 1:1), "దేవుడు ప్రేమాస్వరూపి" (1 యోహాను 4:8లో మొదటి ముక్క), కీర్తన 23:1. రాత్రి భయానికి "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" (కీర్తన 56:3). పాపకి మొదటిదీ మూడోదీ చాలు, అధ్యాయం, వచనం సంఖ్యలు అడగొద్దు. బాబు 117వ కీర్తన నేర్చుకున్నాడంటే, రెండే వచనాలైనా, ఒక కీర్తన మొత్తం వచ్చిందన్న సంబరం వేరే ఉంటుంది.

పరలోక ప్రార్థన గురించి. రోజూ గబగబా చెప్పించకుండా వారానికి ఒక విన్నపం తీసుకోండి. "మా అనుదినాహారము" దగ్గర ఆ పూట తిన్నదాన్ని తలుచుకోవచ్చు. "మా ఋణములను క్షమించుము" దగ్గర ఆగి చెప్పాలి, లేకపోతే నాన్న బ్యాంకు అప్పు అనుకుంటారు. లూకా 11:4లో అక్కడ "పాపములను" అనే ఉంది, అది చూపిస్తే తేలిక.

ఒక్క దగ్గర ఆవగింజగారితో విభేదం. మార్కుతో మొదలుపెట్టమన్నారు. నేనైతే ఆదికాండం 1తో (ఏడో రోజు కోసం 2:3 దాకా) మొదలుపెట్టి, ఏడు రోజులు ఏడు బొమ్మలు గీయించి, అప్పుడు మార్కుకి వెళ్తాను. యేసు గాలిని గద్దించాడంటే, ఆ గాలి ఎవరిదో ముందు తెలిసి ఉండాలి.

ఆవగింజ:
ఒప్పుకుంటాను, ఆది 1 అయ్యాక మార్కు. ఆది 2, 3 కూడా చెప్పవచ్చు. 4వ అధ్యాయానికి మాత్రం ఇప్పుడు పోవద్దు, అన్న తమ్ముణ్ణి చంపిన కథ అది, పైగా ఇంట్లో ఇద్దరే ఉన్నారు!

తొలకరి:
చాలా కృతజ్ఞతలండీ. రెండు సంగతులు చెప్పలేదు. ఆయనకి నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. ఆ రోజుల్లో మానేస్తున్నాం, ఆయన ఉన్న రోజు రెండు రోజులదీ కలిపి చేస్తున్నాం. రెండోది, వాక్యం చెప్తే చాక్లెట్ ఇస్తున్నాను, ఇప్పుడు చాక్లెట్ లేకుండా నోరు విప్పడం లేదు.

దీపస్తంభం:
ముందు బాబు భయం సంగతి, మిగతావి ఆగుతాయి.

"నిద్రించారు" అనేది మనకి గౌరవంగా చెప్పే మాట. అయిదేళ్ళవాడికి నిద్ర అంటే నిద్రే. పడుకుంటే ఆవిడ లాగా లేవనేమో అని వాడు లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క తప్పు కూడా కాదు, మనం ఇచ్చిన మాటలతో వేసిందే. యోహాను 11లో శిష్యులకీ ఇదే జరిగింది. లాజరు నిద్రపోతున్నాడని యేసు అంటే, నిద్రపోతే బాగుపడతాడులే అనుకున్నారు. అప్పుడాయన "లాజరు చనిపోయెను" అని స్పష్టంగా చెప్పాడు (11-14 వచనాలు). పెద్ద శిష్యులకే అంత అవసరమైతే మీ బాబుకి ఇంకా ఎక్కువ అవసరం.

పగలు, పడుకునే వేళకి చాలా ముందు, ఈ మాటలతోనే చెప్పండి: "ఆవిడ చనిపోయారు. చనిపోవడం అంటే శరీరం పనిచేయడం ఆగిపోవడం. ఊపిరి ఉండదు, ఆకలి ఉండదు, నొప్పి ఉండదు. నిద్ర వేరు. నిద్రలో ఊపిరి ఆడుతుంది, గుండె కొట్టుకుంటుంది, పొద్దున్నే లేస్తాం." వాడి చెయ్యి పడుకున్న చెల్లి వీపు మీద పెట్టించి ఊపిరి చూపించండి. "యేసు చనిపోయి మళ్ళీ లేచాడు, ఆయన్ని నమ్మినవాళ్ళని కూడా లేపుతాడు" అని తర్వాత చెప్పండి. ఈ వరస తారుమారు చేయొద్దు. ముందే "పరలోకానికి వెళ్ళారు, చాలా సంతోషంగా ఉన్నారు" అంటే, అయితే మనమూ ఎప్పుడు వెళ్దాం అని అడుగుతారు. "దేవుడు తీసుకెళ్ళిపోయాడు" కూడా వద్దు. ఎత్తుకుపోయేవాడి దగ్గరికి ఎవరూ ప్రార్థనకి రారు. అదే ప్రశ్న పది సార్లు అడుగుతాడు, పదిసార్లూ అవే మాటలు చెప్పాలి. ప్రతిసారీ కొత్తగా వివరిస్తే ఏదో దాస్తున్నారనుకుంటాడు.

రాత్రి భయం ఉన్నన్నాళ్ళూ మార్కు 5లో మొదటి 20 వచనాలు (దయ్యాలు, పందులు), 6:14-29 (బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించడం) దాటేయండి. ఆది 22 (అబ్రాహాము కొడుకుని బలి ఇవ్వబోవడం), నిర్గమ 12లో మొదటి సంతానం చావు, 2 రాజులు 2 చివర్లో పిల్లల్ని చీల్చిన ఎలుగుబంట్లు, ఇవన్నీ ఏడెనిమిదేళ్ళు దాటాక. నోవహు ఓడ పిల్లల బొమ్మల పుస్తకాల్లో ముద్దుగా ఉంటుంది కానీ, ఓడ బయట ఉన్నవాళ్ళు ఏమయ్యారని అడిగే పిల్లలు అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. సిలువ మాత్రం దాటేయకూడదు. "సిలువ మీద చనిపోయాడు, మూడో రోజు లేచాడు" రెండూ ఒకే పూట చెప్పాలి. శుక్రవారం కథ చెప్పి ఆదివారం దాకా ఆపడం పెద్దలకి బాగుంటుంది, అయిదేళ్ళవాడికి మధ్యలో రెండు రాత్రులు గడవాలి.

ఇదే చోట ఇంకోటి. "అలా చేస్తే కళ్ళు పోతాయి", "దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త" అనే మాటలు ఇంట్లో ఎవరంటున్నా, అమ్మమ్మైనా సరే, మెల్లగా ఆపించండి. దేవుడు చూస్తున్నాడన్నది నిజమే, కానీ దాన్ని పిల్లాడు తప్పు చేసినప్పుడే వాడితే ఆయన ఒక పోలీసు అయిపోతాడు. వాడు చెల్లికి బొమ్మ ఇచ్చినప్పుడు, చీకట్లో భయపడినప్పుడు కూడా ఆ మాట అనాలి. ఎఫెసీ 6లో "పిల్లలారా, విధేయులైయుండుడి" అన్న 1వ వచనం అన్ని ఇళ్ళలోనూ తెలుసు. "మీ పిల్లలకు కోపము రేపక" అన్న 4వ వచనం నాన్నలకి కంఠత పెట్టాలి.

చాక్లెట్: ఒక్కసారిగా ఆపేస్తే వాక్యమే శిక్ష అవుతుంది. రెండు వారాలు రోజు మార్చి రోజు ఇవ్వండి, ఇచ్చేది చెప్పాక కాదు, ప్రార్థన మొత్తం అయ్యాక, అందరికీ, మీరూ తినేలా. అప్పుడది జీతం కాదు, కలిసి తినడం. తర్వాత మెల్లగా దానంతట అదే పోతుంది. దాని బదులు వాక్యం వచ్చిన రోజున తాతయ్యకి ఫోన్ చేసి చెప్పనివ్వండి.

నూతికాడ:
ఆయన లేని రోజున మానేయాల్సిన పని లేదు సిస్టర్. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం ఎక్కడిదంటే పౌలు చెప్పిన పేర్లు అవ్వ లోయి, తల్లి యునీకే (2 తిమోతి 1:5). తండ్రి గ్రీకుదేశస్థుడని అపొస్తలుల కార్యములు 16:1లో ఉంది. ఆ ఇంట్లో నేర్పింది ఆడవాళ్ళే. మీరొక్కరే ఉన్న రోజున కథ తీసేసి పాట, చీటీ, ఒక్కో వాక్యం ప్రార్థన, 4 నిమిషాలు చేయండి. ఆయన డ్యూటీకి బయల్దేరేముందు ఇద్దరి తల మీదా చెయ్యి పెట్టి రెండు వాక్యాలు ప్రార్థిస్తే అదే ఆ రోజు ఆయన వంతు. తప్పిపోయిన రోజుని మర్నాడు కలపొద్దు. రెట్టింపు చేస్తే నాన్న ఇంట్లో ఉన్న రోజు అంటే పొడుగు ప్రార్థన రోజు అని పిల్లలకి ముద్ర పడుతుంది.

ఇద్దరికీ కలిపి చేయడంతోపాటు, వారానికొక్కసారి ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు కూర్చోండి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీకి 19 మంది పుడితే పదిమంది బతికారు. అంతమందిలోనూ ఒక్కొక్కరికి వారంలో ఒక సాయంకాలం కేటాయించుకుంది, జాన్‌ వంతు గురువారం. మీకు ఇద్దరే. బాబుతో ఆ పది నిమిషాల్లో బోధ వద్దు, వాడు అడిగేది వినండి. భయాలు బయటికొచ్చేది అక్కడే.

ఆదివారం సంగతి. వెనక కూర్చుంటే పిల్లలకి కనబడేవి పెద్దల వీపులు. ముందు నుంచి రెండో మూడో వరసలో, చివరి కుర్చీల్లో కూర్చోండి, అవసరమైతే లేవడానికి దారి ఉంటుంది. వెళ్ళే ముందే బాత్రూమ్. ఆ వారం పాడబోయే పాట ఏదో ముందే తెలుసుకుని ఇంట్లో రెండుసార్లు పాడితే, సంఘమంతా అదే పాట ఎత్తుకున్నప్పుడు వాడి ముఖం చూడండి. కానుక నాణెం మీరు వేయకుండా పాప చేతిలో పెట్టండి, అయితే సంచి వచ్చే ముందే. అరగంట ముందిస్తే నోట్లోకి పోతుంది.

ప్రసంగం అప్పుడు బాబుకి ఒక కాగితం, పెన్సిల్. పాస్టరు అయ్యగారు "యేసు" అన్నప్పుడల్లా ఒక గీత. గీతలు లెక్కపెట్టాలంటే వినక తప్పదు. వచ్చే నెలకి మాట మార్చండి. పాపకి చప్పుడు చేయని గుడ్డ బొమ్మ. గిలక్కాయ, తాళాల గుత్తి, చప్పుడయ్యే కవర్లో తిండి తేవద్దు. పాప ఏడిస్తే బయటికి తీసుకెళ్ళండి, కానీ ఎత్తుకునే ఉండండి, దించి ఆడించొద్దు. బయట ఆట దొరుకుతుందని తెలిస్తే వచ్చే వారం ఏడుపు ఇంకా ముందే మొదలవుతుంది. ఊరుకోగానే లోపలికి. మొదటి నెల 20 నిమిషాలు లోపల ఉంటే అదే ఎక్కువ, నెలనెలా ఒక అయిదు నిమిషాలు పెంచండి.

తొలకరి:
సమయం మార్చేస్తున్నాం. ఆఖరి ప్రశ్న: బాబు "ఆమేన్ అంటే ఏంటి" అని అడిగాడు, అయిపోయింది అని అర్థం చెప్పాను. తప్పా?

ఒలీవకొమ్మ:
వాడికి కనబడేది అదే కాబట్టి అలా అనిపిస్తుంది. హెబ్రీ మాట అది, "ఇది నిజం", "అలాగే అగును గాక" అని అర్థం. నాన్న ప్రార్థిస్తే బాబు ఆమేన్ అంటే, "నాన్న అడిగిందే నేనూ అడుగుతున్నాను" అన్నట్టు. రేపు ప్రార్థనలో అలా చెప్పి, పాప ప్రార్థనకి వాడి చేత గట్టిగా అనిపించండి.